ఇల్లు మారినా కాళ్ళు అవే

దుకాణం వెనక గది,
సోమవారం, మధ్యాహ్నం.

పిట్టా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో మాట్లాడదామంటే మీ అన్నయ్య బల్లకీ నా బల్లకీ మధ్య కత్తెర పట్టేంత చోటు కూడా లేదు. నేను హలో అనగానే ఆయన సుత్తి ఆపేస్తారు. ఆపి వింటే బాగానే ఉండును, విననట్టు కూర్చుంటారు. అందుకే భోజనం అయ్యాక వెనక గదిలో తోలు చుట్టల మీద చేరి రాస్తున్నాను.

ముందు నిన్ను కాస్త మునగచెట్టు ఎక్కిస్తాను. నువ్వు రాసి ఇచ్చిన ప్రోగ్రాం ఈ దుకాణంలో ఇప్పుడు నా మాట కన్నా బాగా చెల్లుతోంది. బజార్లో దొరికే జోళ్ళు పట్టనివాళ్ళే కదా మన దగ్గరికొచ్చేది. ఒకరికి ఒక కాలు పొట్టి, ఒకరికి పాదం వెడల్పు, ఒకరికి వేళ్ళు వంకర. జోడు బిగించి కుట్టడానికి వాళ్ళ కొలతలతో మీ అన్నయ్య చెక్కిన కొయ్యపాదాలు గోడ నిండా ఉన్నాయి. వాటి మీది పేర్లు గరుకు కాగితంతో చెరిపించి నెంబర్లు వేయించావు చూడు, ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు ఆయనే, "ఈయన నెంబరెంత? చూడు" అని కేకేస్తున్నారు. నేను కంప్యూటర్లో చూసి చెప్పడం, ఆయన అరలోంచి దించుకోవడం. రాణీగారిలా ఉంది నా పని.

ఇంకో గొప్ప సంగతి. మన వెనక వీధిలో ఇళ్ళ నెంబర్లన్నీ మార్చేశారు. ఆ వీధిలో సగం మంది మనవాళ్ళే. అందరి అడ్రసులూ నేనొక్కదాన్నే, అడ్రసు మార్చే పేజీ తెరిచి, టకటకా కొట్టేశాను. ఎవరి సాయమూ అడగలేదు. మీ అన్నయ్య చూసి, "పర్లేదే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఎంత అరుదో నీకు తెలుసు.

ఊరికే అడుగుతున్నా, పనుండి కాదు. నీ ప్రోగ్రాం ఎప్పుడైనా ఏమైనా మర్చిపోతుందా, మనుషుల్లాగా?

మీ ఆఫీసు కబుర్లు రాయి. ఈ మధ్య ఆ ఊసే ఎత్తడం లేదు.

మీ అన్నయ్యని భరిస్తున్న
నీ వదిన


అద్దె గది, రెండో అంతస్తు,
శుక్రవారం.

వదినా,

నీ ఉత్తరం నిండా తోలు వాసనే. కవరు విప్పగానే దుకాణంలోకి అడుగు పెట్టినట్టయింది. మా ఇంటావిడ, "ఎవరమ్మా, చెప్పులు పంపారా?" అని అడిగింది.

మర్చిపోవడమా, అది నీ ఆడపడుచు రాసిన ప్రోగ్రాం. మీ ఆయన ఒకసారి చెప్పింది పదిసార్లు మర్చిపోతాడు కానీ అది మర్చిపోదు. ఎలా పనిచేస్తుందో ఎప్పుడూ వినిపించుకోలేదు కదా, ఇప్పుడు పారిపోయే దారి లేదు, చదువు.

జావా అనే కంప్యూటర్ భాషలో నేను ప్రోగ్రాం మొత్తం ఒంటిచేత్తో రాయను. దాని కింద ఒక చట్రం ఉంటుంది, ఫ్రేమ్‌వర్క్ అంటాం. పేజీలో నువ్వు కొట్టిన ప్రతి ముక్కనీ పట్టుకెళ్ళి, అదే పేరున్న గడిలో పెట్టడం దాని పని. వీధి పేరు వీధి గడిలో, ఫోన్ నెంబరు ఫోన్ గడిలో. ఆ గళ్ళన్నీ ఉన్న పెట్టెని మోడల్ అంటాం. ఒక్కో ఖాతాదారుకి ఒక్కో పెట్టె. పెట్టెని ముందుగా సిద్ధం చేసి చట్రం చేతికివ్వడం నా వంతు, నింపడం దాని వంతు. నింపినదాన్ని భద్రపరిచే ముక్క మళ్ళీ నాదే. చూశావా, ఎంత శుభ్రమైన పనో. చేతికి జిగురు అంటదు.

అన్నయ్య ఏమంటున్నాడు? "పర్లేదే" అన్నది నిన్నా, ప్రోగ్రాంనా? తేల్చి రాయి. నా ఉద్యోగాన్ని ఆయన ఇన్నేళ్ళుగా గాలి పని అంటున్నాడు. చేత్తో పట్టుకుని చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి గాలి పనట. ఏం చేస్తున్నావు అని ఒక్కనాడూ అడగలేదు. ఇదొక్కటీ ఆయన కళ్ళ ముందు నడుస్తోంది. అందుకే దీని మీద నాకింత పిచ్చి.

ఆఫీసు బాగానే ఉంది. ఎప్పటిలాగే.

నీ పిట్ట


దుకాణం వెనక గది,
గురువారం, ఆయన తోలు కొనడానికి వెళ్ళాక.

పిట్టా,

కడుపులో దాచుకోవడం ఇక నా వల్ల కాదు. మర్చిపోతుందా అని ఊరికే అడగలేదు.

వెనక వీధి దర్జీ అక్క చెప్పులకి వచ్చింది. ఆమె పేరు కొడితే కొత్త ఇంటి నెంబరు చక్కగా వచ్చింది. పాదం పొడవు సున్నా. వెడల్పు సున్నా. కొయ్యపాదం నెంబరు ఖాళీ. మనిషి ఎదురుగా నిండుగా నిలబడి ఉంది, కంప్యూటర్లో మాత్రం ఆమెకి కాళ్ళే లేవు. ఏదో మీట తప్పు నొక్కి ఉంటాను అనుకుని, "అక్కా, ఒకసారి కాలు పెట్టండి, వాపేమైనా ఉందేమో చూద్దాం" అని మళ్ళీ కొలత తీసుకున్నాను. తర్వాత మందుల షాపాయనకి కూడా అదే నాటకం. "ఈ మధ్య మీ దుకాణంలో మర్యాద ఎక్కువైందే" అన్నాడాయన.

నీకు చెబితే నీ ప్రోగ్రాంని తప్పు పట్టినట్టవుతుంది. మీ అన్నయ్యకి చెబితే దాన్ని పీకేస్తారు. తప్పు నాదేమో అని మూడో భయం. నోరు కుట్టేసుకున్నాను.

అంతలో బస్సు కండక్టరు సంగతి జరిగింది. ఆయనకి ఎడమ కాలు పొట్టి. అడుగు భాగం కింద ఎత్తు వేసి కుట్టాలి. ఆయన కొయ్యపాదాలు అప్పటికే బల్ల మీద ఉన్నాయి కాబట్టి మీ అన్నయ్య పైభాగం చేసి నాకిచ్చారు. అడుగులు కుట్టేది నేనే కదా. అడుగుల కోసం కంప్యూటర్ ఇచ్చే చీటీలో ఉండేది ఎత్తు ఒక్కటే, అక్కడ సున్నా ఉంది. చాలామందికి అక్కడ సున్నాయే ఉంటుంది. నేనూ సున్నాయే కుట్టాను. ఆయన వేసుకుని గుమ్మం దాటేసరికి ఒక పక్కకి ఒరిగిపోయాడు. పాపం, మనల్ని ఏమీ అనలేదు. "నేనే సరిగా వేసుకోలేదేమో" అని వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆ మాటకి మీ అన్నయ్య తల దించుకున్నారు.

ఆ సాయంత్రం అంతా చెప్పేశాను. ఆయన కేకలు వేస్తే బాగుండేది. లేచి, చేతులు తుడుచుకునే తువ్వాలు తీసి, కంప్యూటర్ మీద కప్పేశారు. "నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత కొయ్యల మీద మళ్ళీ పేర్లు రాసేసుకుంటాను. పిట్టకి నువ్వే చెప్పు, నాకు చెప్పడం చేతకాదు" అన్నారు. అప్పటి నుంచి తువ్వాలు దాని మీదే ఉంది. చేతులు చొక్కాకి తుడుచుకుంటున్నారు.

ఇంకా భయపెట్టేది వేరే ఉంది. ఆ వీధివాళ్ళ కొయ్యపాదాలన్నీ అరల్లోనే ఉన్నాయి, నెంబర్లతో సహా. ఏది ఎవరిదో చెప్పే ముక్క మాత్రం పోయింది. నాకు నిద్ర పట్టడం లేదు. నేనేం నొక్కానో చెప్పు.

నీ వదిన


అద్దె గది, రెండో అంతస్తు,
ఆదివారం, పొద్దున్నే.

వదినా,

నువ్వేమీ తప్పు నొక్కలేదు. తప్పు నాది, పూర్తిగా నాది. ముందు ఈ ముక్క చదివి కాస్త టీ తాగు, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరంలో దర్జీ అక్క, మందుల షాపాయన, కండక్టరు, అందరూ ఒకే వీధి. నువ్వు అడ్రసు మార్చినవాళ్ళే. అది చూడగానే నా ప్రోగ్రాం తెరిచి కూర్చున్నాను. పెట్టెని సిద్ధం చేయడం నా వంతు అని పోయినసారి గొప్పలు పోయాను చూడు, సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. నువ్వు పేజీలో సేవ్ నొక్కిన ప్రతిసారీ నేను చట్రానికి ఒక కొత్త ఖాళీ పెట్టె ఇస్తున్నాను. కొత్త ఖాతాదారు వస్తే అదే సరైంది, పేజీలో అన్ని గళ్ళూ ఉంటాయి, అన్నీ నిండుతాయి. మొదట్లో నువ్వు ఎక్కించినవాళ్ళంతా అలా కొత్తగా ఎక్కినవాళ్ళే కాబట్టి మనిద్దరికీ తెలియలేదు. అడ్రసు పేజీలో ఉండేవి పేరు, వీధి, ఫోను. చట్రం ఆ గళ్ళు మాత్రం నింపింది. కొలతల గళ్ళలో అంకెలకి సున్నా, అక్షరాలకి ఖాళీ. ఆ బోసిపెట్టెని నా ప్రోగ్రాం నిక్షేపంగా తీసుకెళ్ళి పాతదాని స్థానంలో పెట్టింది. నువ్వు కొట్టిన ఇంటి నెంబరు ఒక్కటే మారాల్సింది, మనిషే మారిపోయాడు.

పోయినవి పోలేదు. ప్రతి ఆదివారం దానంతటదే ఒక నకలు తీసి నాకు పంపేలా పెట్టాను. వీధి నెంబర్లు మారకముందు నకలు నా దగ్గర ఉంది. పాత కొలతలు అందులోంచి తెస్తాను, నువ్వు కొట్టిన కొత్త అడ్రసులు అలాగే ఉంచుతాను, నువ్వు మళ్ళీ తీసిన కొలతలు వదలను. ఒక్క కొయ్యపాదం కూడా దిక్కులేనిది కాదు.

ఈ కింది ముక్క అన్నయ్యకి చదివి వినిపించు. విననట్టు కూర్చున్నా సరే, పైకే చదువు.

అన్నయ్యా, ఒకాయన పాదం వయసుతో లావయితే నువ్వు కొత్త కొయ్య చెక్కవు. పాతది అరలోంచి దించి, లావైన చోట చిన్న తోలు ముక్క అంటించి, దాని మీద జోడు చేస్తావు. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని ఆ తోలు ముక్కలకి జిగురు రాసింది నేనే. ఆ పద్ధతి నా ప్రోగ్రాంలో పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడు పెట్టాను. సేవ్ నొక్కగానే అది ముందు ఆ మనిషి పాత పెట్టెని దించుతుంది. తర్వాతే మారిన గళ్ళని దాని మీద నింపుతుంది. అడ్రసు పేజీకి కొలతలని ముట్టుకునే హక్కు కూడా తీసేశాను. కండక్టరు గారి జోడుకి తోలు, కూలి నావి. ఆయనకి క్షమాపణ నా తరఫున చెప్పు.

ఇక్కడ ఆపెయ్ వదినా, మిగతాది నీకు.

ఆఫీసు బాగానే ఉందని రాశాను. ఆఫీసే లేదు. మా కంపెనీ మూతపడి చాలా రోజులైంది. చెబితే అన్నయ్య, "గాలి పని గాలికే పోయింది" అంటాడని ఊరుకున్నాను. ఇప్పుడు ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న వర్క్‌షాపులో, కృత్రిమ కాళ్ళు చేసేచోట, ఉద్యోగం ఖాళీ ఉంటే అడిగాను. వాళ్ళకి ఇలాంటి ప్రోగ్రామే కావాలి. మన దుకాణంలో నడుస్తోందని చెప్పాను. వర్క్‌షాపు పెద్దావిడ, "యజమానికి నేనే ఫోన్ చేసి కనుక్కుంటా" అంది. నెలాఖరులోపే చేస్తుంది. అన్నయ్య అబద్ధం ఆడడు. ఆడమని నేను అడగను కూడా. తువ్వాలు కింద ఉన్న కంప్యూటర్ గురించి ఆయన ఏం చెబుతాడో తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

పిట్ట


దుకాణం, నా బల్ల మీదే,
బుధవారం.

పిట్టా,

ఈసారి వెనక గదిలో కాదు, ఆయన ఎదుటే కూర్చుని రాస్తున్నాను. "ఎవరికి?" అన్నారు. "మీ చెల్లెలికి" అన్నాను. "ఊఁ" అన్నారు.

నీ ముక్క పైకి చదివాను. సుత్తి ఆగింది. అయిపోయాక, "అంటే ఇల్లు మారినవాడి కాళ్ళు నరికేస్తోందన్నమాట దాని యంత్రం" అన్నారు. అని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన భుజాలు కదిలేలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకూ ఆగలేదు. అప్పుడే లోపలికి వచ్చిన దర్జీ అక్క మా ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

నవ్వడం అయ్యాక లేచి తువ్వాలు తీసి, చేతులు తుడుచుకుని, కొక్కేనికి తగిలించారు. "నువ్వు పెట్టు, నేను చూస్తా" అన్నారు. నువ్వు పంపిన కొత్తదాంట్లో దర్జీ అక్క ఇంటి నెంబరు కావాలని తప్పుగా మార్చాను. సేవ్ నొక్కి మళ్ళీ తెరిచాను. పొడవు, వెడల్పు, కొయ్యపాదం నెంబరు, అన్నీ ఉన్నాయి. ఆయన ఆ నెంబరు చూసి అరలోంచి కొయ్యపాదం దించి, ఆవిడ పాదం పక్కన పెట్టి చూశారు. "ఇదే" అన్నారు. ఆవిడ నెంబరు మళ్ళీ సరిచేశానులే.

కండక్టరు జోడుకి ఎత్తు వేసి ఇచ్చాం. నీ తోలు, నీ కూలి ఎవరికి కావాలి, అది నేను కుట్టిన సున్నా కూడా. గుమ్మం దాటి రోడ్డు చివరిదాకా నడిచి వెనక్కొచ్చి, "ఇప్పుడు భూమి సమంగా ఉంది" అన్నాడు.

ఇక మీ వర్క్‌షాపు పెద్దావిడ ఫోను. నిన్న వచ్చింది. నేనెత్తి ఆయనకిచ్చాను. ఎవరు చేస్తారో, ఎందుకో ఆయనకి ముందే చెప్పేశాను. నీ కంపెనీ మూత సంగతి కూడా. చెప్పకుండా ఉండలేకపోయాను, తిట్టుకో. ఆయన అన్నదల్లా ఒకటే, "అన్నాళ్ళు ఒక్కతే ఎలా ఉంది?" గాలి మాటే ఎత్తలేదు.

ఫోన్లో అవతలావిడ ఏమడిగిందో వినపడలేదు. ఈయన అన్నవి రాస్తున్నాను, ఒక్క మాట కూడా కలపలేదు. "నడుస్తోందండీ. మధ్యలో తప్పు జరిగింది. ఒకాయన మా గుమ్మంలో ఒరిగిపోయాడు." అప్పుడు నా చేతిలో సూది జారిపోయింది. నీ ఉద్యోగం పోయిందే అనుకున్నాను. ఆయన ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నారు. "తప్పు ఎక్కడ జరిగిందో తనే కనిపెట్టింది. ఎవరి మీదికీ నెట్టలేదు. సరిచేసి, మళ్ళీ జరక్కుండా కట్టేసింది. నా దగ్గర అలాంటి పనివాడు ఒక్కడుంటే వదులుకోనండీ. అది నా దగ్గరే పని నేర్చుకుంది."

పిట్టా, ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. గోడ వైపు చూశారు. కింది అర మూలలో నీ కొయ్యపాదాలు ఉన్నాయి కదా, కాలేజీలో చేరినప్పుడు నీకు జోళ్ళు చేయడానికి చెక్కినవి. పేర్లన్నీ చెరిపినా వాటి మీద పేరు మాత్రం చెరపలేదు. దుమ్ము దులుపుతూ చూశాను, పిట్ట అనే ఉంది.

ఇవాళ పొద్దున నేను వచ్చేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటివేలితో కొడుతున్నారు. నన్ను చూసి, "నువ్వు అవతలికి పో" అన్నారు. నీ పేరు మీద ఖాతా తెరిచారట. నేను చూడలేదు, నువ్వే చూసుకో.

నీ వదిన


అద్దె గది, రెండో అంతస్తు, సామాన్లు కట్టేసిన మంచం మీద,
శనివారం.

అన్నయ్యా,

ఇది నీకు. వదిన పైకి చదవదు, నువ్వే చదువుకో.

ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి. వర్క్‌షాపు పెద్దావిడ నియామకం కాగితం ఇస్తూ, "మీ అన్నగారు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?" అంది. ఎప్పుడూ మాట్లాడడండీ అన్నాను. లోపలికి తీసుకెళ్ళి చూపించింది. పొడుగాటి బల్లలు, ఒక గోడ నిండా ప్లాస్టర్‌తో పోసిన కాళ్ళ అచ్చులు, రంపపు పొట్టు. నాకు కొత్తచోటుకి వెళ్ళినట్టే లేదు. వాళ్ళ పని మొదలుపెట్టగానే మొదట రాసేది పాత పెట్టె దించే ముక్కే. అక్కడ పొరపాటు జరిగితే ఒరిగేవాళ్ళు మన కండక్టరు కన్నా ఎక్కువ ఒరుగుతారు. అది నాకు బాగా తెలుసు.

వర్క్‌షాపు దగ్గర్లోనే గది దొరికింది. రేపు మారుతున్నాను. అందుకని ఇవాళ నీ దుకాణం ప్రోగ్రాం ఇక్కడి నుంచే నెట్‌లో తెరిచి, అడ్రసు పేజీలో పిట్ట అని కొట్టాను.

మార్చేముందు అంతా చదివాను. పొడవు, వెడల్పు ఉన్నాయి. కొయ్యపాదం నెంబరు దగ్గర "కింది అర, మూల, పేరుంది" అని కొట్టావు. నెంబరు అడిగితే పేరుందంటావా. తర్వాత మిగతా వివరాల గడి. ఒంటివేలితో ఎంతసేపు కొట్టావో. "ఎడమ చిటికెన వేలు బయటికి తిరుగుతుంది. మడమ బయటి అంచు ముందు అరుగుతుంది, గట్టి తోలు వేయాలి. తొందరగా నడుస్తుంది. కొలత పాతది, వచ్చినప్పుడు మళ్ళీ తీయాలి."

నన్ను ఏమీ అడగలేదని ఇన్నాళ్ళూ నీ మీద అలిగాను. మడమ ఏ పక్క అరుగుతుందో కూడా నీకు తెలుసు. చదువుతుంటే ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు.

కొత్త వీధి, కొత్త ఇంటి నెంబరు కొట్టాను. ఇంకేదీ ముట్టుకోలేదు. నేనే రాసిన ప్రోగ్రాం, నేనే సరిచేసిన ముక్క, అయినా నీ మాటలు ఒక కాగితం మీద రాసుకున్నాకే సేవ్ నొక్కాను. మళ్ళీ తెరిచాను. కొత్త అడ్రసు పైన ఉంది. కింద చిటికెన వేలు ఉంది, మడమ ఉంది, తొందరగా నడవడం ఉంది. నువ్వు కొట్టిన చివరి వాక్యం కూడా ఉంది.

వచ్చే ఆదివారం వస్తున్నాను, కొలత తీసుకో.

పిట్ట